ఇత్తడి చెవి

నా కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు ఒకే వానాకాలంలో మొద్దుబారాయి. తునికాకులో తంబాకు పోసి చుడుతుంటే ఆకు ఎక్కడ అయిపోయిందో, నా వేలు ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. చుట్టిన బీడీ చేటలో పడేలోపే విచ్చుకునేది. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే ముసలాయన నా కట్టలను వేళ్లతో నొక్కి, సగం పక్కకు తోసి, నా మొఖం చూడకుండా అన్నాడు:

"చెల్లే, గిట్లయితే కార్డు నిలవది. ఇంట్ల ఇంకెవలన్న ఉన్నరా చుట్టేటోళ్లు?"

ఎవరూ లేరు. నా పెనిమిటి పోయి అప్పటికి నాలుగేళ్లు. బిడ్డ జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. బీడీ కార్మికులకిచ్చే ఆ కార్డు మీద వచ్చే సాయంతోనే దాని చదువు నడుస్తోంది. నేను మంచాన పడితే మందు కూడా ఆ కార్డు మీదే. కార్డు పోతే ఏం చేయాలో ఎంత ఆలోచించినా నాకు బావి తప్ప ఇంకేమీ తోచలేదు. ఉన్నమాట చెబుతున్నాను.

ఇదంతా నేను చెబుతుంటే నా బిడ్డే రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. "నేనన్నది అన్నట్టు రాయవే" అంటే, "చదివెటోళ్లకు తెల్వాలె గదనే అమ్మా" అని బడి తెలుగులోకి సర్దుతోంది. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం ముట్టుకోవద్దని ఒట్టేయించుకున్నాను.

మా పల్లె కోరుట్లకు దగ్గర. ఎనిమిది మంది ఆడవాళ్లం ఒక రేకుల షెడ్డు కింద కూర్చుని చుట్టేవాళ్లం. మాలో ఒక పద్ధతి ఉంది. అంతమంది కూర్చున్న చోట ఎవరో ఒకరు మాట నడపాలి. మాట ఆగితే నడుము నొప్పి గుర్తొస్తుంది, చెయ్యి నెమ్మదిస్తుంది. మాట నడిపే మనిషి ఎక్కువ చుట్టలేదు కనుక, లేచేటప్పుడు ఒక్కొక్కరు తమ చేటలోంచి ఒక పిడికెడు బీడీలు ఆమె చేటలో వేస్తారు. మాట పిడికెడు అంటారు దాన్ని. అంతకుముందు ఒక ముసలవ్వ నడిపేది. ఆమెను కొడుకు ఎల్లారెడ్డిపేట తీసుకుపోయాడు. ఆ జాగా ఖాళీగా ఉంది.

"ఇయ్యాల్టి సంది మాట నేను నడుపుత" అన్నాను.

అందరూ నవ్వారు. మా మేనత్త కోడలు, నాకు వదినె వరస, నోరు గట్టిది. "నీ గొంతే కాకి గొంతు. తంబాకు తిని తిని ఇంకింత మొరబోయింది. ఏం నడుపుతవే, పాటనా?"

పాట రాదు, పురాణం రాదు. నాకు తెలిసింది ఒక్కటే, నా పెనిమిటి చెప్పిన కథ.

ఆయన సిరిసిల్లలో బాయిలర్ మనిషి. సాంచెల మీదికి, అంటే మరమగ్గాల మీదికి, ఎక్కే ముందు నూలుకు గంజి పట్టిస్తారు. ఆ గంజి ఉడకడానికీ, నూలు ఆరడానికీ ఆవిరి కావాలి. ఆ ఆవిరిని కాసే పని ఆయనది. పొద్దంతా పొయ్యిలో కట్టె తోస్తూ, మీటరు ముల్లు మీద కన్ను పెట్టి కూర్చునేవాడు. ఇంటికొచ్చినా చెయ్యి ఊరుకునేది కాదు. పారేసిన ఇత్తడి నల్లాలు, రాగి గొట్టాలు, విరిగిన సాంచెల పళ్లచక్రాలు సంచిలో వేసుకొచ్చేవాడు. బిడ్డ పుట్టినప్పుడు పొయ్యిమీది కుక్కర్‌కు గొట్టం బిగించి, ఆ ఆవిరితో చక్రం తిప్పి, చక్రంతో ఊయల ఊపేలా చేశాడు. నిజంగానే ఊగింది. వాడకట్టంతా వచ్చి చూశారు. మా అత్త మాత్రం చీపురు పట్టుకుని నిలబడింది.

"ఓరి, పోరిని ఉడకబెడుతవా ఏందిరా?"

"లేదే అవ్వా. నువ్వు అన్నం వండితె చాలు, పిల్ల పండుకుంటది."

అన్నం మాడింది. పిల్ల పడుకుంది. ఆ చక్రానికి ఒక చిన్న ఇనుప నాలుక ఉండేది, అది పళ్ల మధ్య పడి చక్రాన్ని వెనక్కి తిరగనిచ్చేది కాదు. టక్, టక్ అని చప్పుడు. సాంచె మీద నేసిన గుడ్డ వెనక్కి జారకుండా పట్టేది కూడా అదేనని నాకు చూపించాడు. ఈ నాలుక సంగతి గుర్తు పెట్టుకోండి.

తర్వాత సిరిసిల్లలో సాంచెలు ఒకటొకటి ఆగాయి. బాయిలర్ చల్లారింది. మేం బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భీవండి పోయాం. అక్కడి బాయిలర్ పెద్దది, గది చిన్నది. మూడేళ్లకే ఆయన ఊపిరి చెడిపోయింది. నాలుగడుగులు నడిస్తే గోడ పట్టుకునేవాడు. మంచంలో కూర్చుని, ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ ఊపిరి లాగుతూ నాకు ఈ కథ చెప్పాడు.

ఒక బాయిలర్ మనిషి ఉంటాడు. ఒకరోజు చిమ్నీలోంచి పైకి పోవాల్సిన పొగ గబగబా పీల్చినట్టు పోతుంది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. పైన ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టుంది. ఆయన ఇత్తడితో చేటంత చెవి చేస్తాడు. గొట్టం మీద గొట్టం బిగించి చిమ్నీ మీదికి పంపి వింటాడు. నిజమే. ఆకాశం అవతల ఒకటుంది. దేవుడు కాదు, దయ్యం కాదు. అది ఊపిరి పీలుస్తోంది. మన తాతల తాతలు పుట్టకముందు మొదలుపెట్టింది, ఇంకా పీలుస్తూనే ఉంది. మన ఊళ్లు, మన పెళ్లిళ్లు, చావులు అన్నీ ఆ ఒక్క పీల్పులోనే జరిగిపోతున్నాయి. అది ఊపిరి విడిచిన రోజు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఆ మనిషి దానికి వినబడేంత పెద్ద కూత పెట్టాలనుకుంటాడు. ఆవిరితో నడిచే ఇత్తడి యంత్రం చేసి, దాని కడుపులో కూర్చుని పైకి పోతాడు.

అక్కడి వరకే చెప్పాడు. మిగతాది చెప్పేలోపు ఆయన ఊపిరి అయిపోయింది.

రేకుల షెడ్డులో నేను మొదటిరోజు చిమ్నీ వరకు చెప్పాను. ఎవరూ తలెత్తలేదు, చేతులు మాత్రం నడిచాయి. రెండోరోజు చెవి చేసేది చెప్పాను. గొట్టం గొట్టానికి మధ్య జనుము చుట్టి సీసం కరిగించి పోసింది కూడా వదలకుండా చెప్పాను. వదినె కత్తెర ఆపింది.

"గంత పెద్దదానికి మనం కనబడుతమానే?"

"కనబడం."

"మన మీద పగ గిట్ల?"

"పగ లేదు. మనం ఉన్నట్టే దానికి తెల్వది."

"థూ. గిదేం కథనే! దయ్యమన్నా నయం, నిమ్మకాయకు పోతది" అంది. అని, లేచేటప్పుడు అందరికన్నా పెద్ద పిడికెడు నా చేటలో వేసింది. "రేపు జల్ది రా" అంది.

అప్పుడు నాకు అర్థం కాలేదు, ఎందుకు ఇంత ఇష్టపడ్డారో. తర్వాత చాలా ఆలోచించాను. దయ్యం కథలో దయ్యానికి మనమీద కోపముంటుంది. కోపముందంటే మనం దాని లెక్కలో ఉన్నట్టే. మా బతుకుల్లో అట్లా కోపగించుకున్న వాళ్లెవరూ లేరు. సిరిసిల్ల సాంచెలు మామీద పగతో ఆగలేదు. భీవండి గదికి నా పెనిమిటి ఎవరో తెలియదు. గల్ఫ్ ఎడారిలో మొగుళ్లున్న ఆడవాళ్లు మాలో నలుగురు. ఆ ఎడారికీ వాళ్లెవరో తెలియదు. ఏది మమ్మల్ని నలిపిందో దానికి మా పేరు తెలియదు. ఆ సంగతి ఎవరూ బయటికి అనలేదు కానీ, కథలో విన్నప్పుడు ఒంటికి తగిలింది.

అయితే ఆ భయం ఒక్కటే చెబితే వాళ్లు మొదటిరోజే లేచిపోయేవారు. ఇత్తడి చక్రం కూర్చోబెట్టింది. చక్రానికి పళ్లుంటాయి, లెక్కపెట్టొచ్చు. నూనె వేయొచ్చు, అరిగితే మార్చొచ్చు. అంతులేనిదాని ముందు ఒక మనిషి తన చేత్తో చేసిన సామాను పట్టుకుని కూర్చున్నాడు. సామాను చిన్నది, కానీ వాడిది. నేను చక్రం బిగించేది, దాని పళ్లలో ఇనుప నాలుక టక్ టక్‌మని పడేది చెబుతుంటే వాళ్ల బీడీలు గట్టిగా పడేవి. ఊపిరి సంగతి చెబుతుంటే ఒకరికొకరు దగ్గరగా జరిగేవాళ్లు.

ఈమధ్య నా బిడ్డ ఫోనులో చూసి నవ్వింది. "అమ్మా, నీ అసోంటి కథలు బయట దేశాలల్ల మస్తు రాస్తరే. ఇత్తడి యంత్రాలు, ఆవిరి, ఆకాశం అవతల పేరు లేని పెద్దది. గవ్వి చదివెటోళ్లు లక్షల మంది."

"వాళ్లకేం బాధనే? కడుపు నిండినోళ్లు గద."

"ఏమో. వాళ్లకు సుత ఎవలో ఒకలు తెల్వనట్టు ఉంటరేమో."

సరే. నేను చెప్పాలనుకున్నది పక్కింటి కోడలి సంగతి.

ఆమె కూడా మా షెడ్డులోనే చుట్టేది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, అక్కా అని పిలిచేది. మొగుడు తాళ్లెక్కేవాడు, అంటే తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్లు తగ్గి, కల్లు తగ్గి, మస్కట్ పోయాడు. పోయేటప్పుడు తన మోకు, చెట్టెక్కేటప్పుడు నడుము చుట్టూ వేసుకునే ఆ తాడు, గోడకు కొయ్యకు తగిలించి పోయాడు. మొదట వారం వారం ఫోను చేసేవాడు. తర్వాత ఫోను ఆగింది. అక్కడ పనిచేసే ఊరివాళ్లను అడిగితే కంపెనీ మారాడని ఒకరు, పారిపోయాడని ఒకరు చెప్పారు. జగిత్యాల కలెక్టరాఫీసుకు పోయి ఫోటో ఇచ్చి దరఖాస్తు పెట్టమని అందరూ అన్నారు. ఆమె ఫోటో ఇవ్వదు. తప్పిపోయినోడని కాగితం రాస్తే నిజంగానే తప్పిపోతాడని ఆమె భయం. మా దిక్కు ఆడవాళ్లకు అట్లాంటి భయం ఉంటుంది, నేనేం తప్పుపట్టను.

కానీ ఆమె ఇంకొకటి చేసింది. నా కథకు ముడి వేసుకుంది.

"అక్కా, నీ కథల మనిషి బయటికి అచ్చిననాడు మా ఆయన ఫోన్ అస్తది. నేను రాజన్నకు కోడె మొక్కిన" అని ఒకరోజు నా చెవిలో చెప్పింది. వేములవాడలో రాజన్న అనే శివుడి గుడి చుట్టూ కోడెదూడను పట్టుకుని తిప్పి కట్టేస్తానని మొక్కు. సోది చెప్పేవాళ్ల మాట వింటాం, బల్లి అరుపు వింటాం, అట్లాగే ఆమె నా నోరు వింది.

నేను వద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె ఏ రోజూ నాగా పెట్టకుండా వచ్చేది, రెండు పిడికిళ్లు వేసేది. నా కార్డు నిలబడుతోంది. కథ అయిపోతే ఆ పిడికిళ్లు ఆగుతాయి. అందుకని యంత్రంలో మనిషిని కూర్చోబెట్టి పొడిగించాను. ఒక చక్రానికి ఒక వారం. నూనె అయిపోయిందని రెండు రోజులు. బొగ్గు తడిసిందని నాలుగు రోజులు. ఆమె కళ్లు గుంటలు పడుతున్నాయి, నేను ఇంకో చక్రం బిగిస్తున్నాను.

ఒక పొద్దున ఆమె అత్త మా వాకిట్లోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ కాల్మొక్కుత బిడ్డా. నీ కథల ఉన్నోణ్ని బయటికి గుంజు. మా కోడలు అన్నం ముడుతలేదు. చెంబెడు నీళ్లు తాగి నీ తానకే ఉరుకుతది. నా కొడుకైతె పాయె. గీ పిల్లనన్న దక్కనియ్యి."

ఆ ముసలమ్మ నా కాళ్ల దాకా వంగింది. ఆమెను రెక్క పట్టి లేపాను. కార్డు పోతే పోనీ అనుకున్నాను.

ఆ రోజు షెడ్డులో కూర్చుని మనిషిని బయటికి తెచ్చాను. కూత పెట్టాడు, పైనున్నది విన్నది, దానికి జాలి కలిగింది, యంత్రం వెనక్కి తిరిగింది, మెల్లగా కిందికి దిగింది, తలుపు తెరుచుకుంది, భార్య నీళ్ల చెంబు పట్టుకుని ఎదురొచ్చింది అని చెప్పాను. గబగబా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

వదినె తంబాకు దులుపుకుని, "గింతేనా?" అంది. పండుగకు పిలిచి పచ్చిపులుసు పెట్టినట్టు చూసింది.

నేను పక్కింటి కోడలి వైపు చూశాను. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె చేటను ఒళ్లోంచి దించి పక్కన పెట్టింది.

"ఎన్కకు ఎట్ల తిరిగిందక్కా?"

"తిరిగింది. అది జాలి పడ్డది గద."

"చక్రానికి నాలుక ఉంటది అన్నవు. పళ్లల్ల పడితె ఎన్కకు పోనియ్యది అన్నవు. చక్రం బిగిచ్చిన మొదటి దినమే చెప్పినవు. టక్ టక్ అని చప్పుడు సుత చేసి చూపెట్టినవు." ఆమె గొంతు పెరిగింది. "దానికి మనం ఉన్నట్టే తెల్వదంటివి. ఇయ్యాల జాలి ఎట్లచ్చింది? మా అత్త అచ్చి చెప్పిందా నీకు?"

నేను చేటలో ఆకులు సర్దసాగాను.

"అబద్ధానికి కోడె కట్టాల్నా నేను? రాజన్న ముంగట నిలవడి ఏమని చెప్పాలె?"

ఏడవలేదు. లేచి ఇంటికి పోయింది. కొంచెంసేపటికి ఫోటో పట్టుకుని వచ్చింది. పాస్‌పోర్టు కోసం తీయించిన ఫోటో, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. "నడువు జగిత్యాల. నిజం చెప్పనందుకు నువ్వే తోలుకపోవాలె" అంది.

ఇద్దరం బస్సెక్కాం. ఆమె ఫోటోను కొంగులో చుట్టి పట్టుకుంది. ఆఫీసులో దరఖాస్తులు రాసే ఆయన మంచివాడే, కుర్చీ చూపించాడు. పేరు రాశాడు, ఊరు రాశాడు.

"ఆఖరుసారి ఫోన్ ఎప్పుడు చేసిండమ్మా?"

ఆమె ఆలోచించి చెప్పింది. "ఇత్తడి చెవి చిమ్నీ మీదికి ఎక్కిచ్చిన దినం సారూ."

ఆయన కలం ఆపాడు. "ఏ కంపెనీల?"

"కంపెనీ కాదు. అక్క కథల."

ఆయన నావైపు చూశాడు. పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చెవి ఎక్కించిన రోజు ఎప్పుడని నేను లెక్క వేయాల్సి వచ్చింది. ఆ వారం తునికాకు మూటలు తడిసి కార్ఖానా మూసేశారు. బతుకమ్మకు ముందు. పోయిన ఏడాది బతుకమ్మ. వేళ్లు మొద్దుబారాయి కనుక గణుపులు లెక్కపెట్టడం కూడా సరిగా రాలేదు, ఎడమచేత్తో లెక్కపెట్టాను. పదకొండు నెలలు.

"పదకొండు నెలలా?" అన్నాడాయన. "గిన్ని దినాలు ఏం చేస్తున్నరమ్మా? ముందుగాల అస్తె జాడ జల్ది దొరుకుతుండె."

ఆమె ఆరు నెలలనుకుంటోంది. నా మొఖం చూసింది. పదకొండు నెలలు ఆమెను నా యంత్రంలో కూర్చోబెట్టింది నేనే. ఒక్కో చక్రం, ఒక్కో పిడికెడు. నేల చీలితే బాగుండు అనిపించింది. నా బిడ్డ ఈ ముక్క రాయడానికి ఒప్పుకోలేదు. రాయమన్నాను.

తిరిగొచ్చిన తెల్లారి నేను షెడ్డుకు పోలేదు. పడుకుని ఉన్నాను. ఆమే వచ్చి తలుపు కొట్టింది.

"అక్కా, లేవు. అందరు కూసున్నరు."

"కథ అయిపాయె గదనే. నాకు మొఖం లేదు."

"నిన్నటిది కథ కాదు. ఆయన ఇంక లోపట్నే ఉన్నడు. లేవు."

పోయాను. కూర్చున్నాను. నోరు తెరిస్తే మాట రాలేదు. ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు, చేతులు ఆగి ఉన్నాయి. అప్పుడామె తన చేటలో ఆకు కత్తిరిస్తూ, ఎవరినీ చూడకుండా మొదలుపెట్టింది.

"ఆయినెకు భార్య ఉన్నది గద. గామె ఎదురుచూసి ఎదురుచూసి, ఇగ లాభం లేదని, తనే చిమ్నీ ఎక్కింది."

"ఎట్ల ఎక్కుతదే? యంత్రం లేకపాయె" అంది వదినె.

"మోకు తోని."

నేను ఊరుకోలేకపోయాను. "మోకు ఎంతుంటదే? చెట్టు చుట్టు తిరిగేంత. ఆకాశం అవతలికి ఏం సరిపోతది?"

ఆమె నావైపు తిరిగింది. "తాడెక్కెటోడు చెట్టంత మోకు మోసుకపోతడా అక్కా? నడుముకున్నదే జానెడు జానెడు పైకి జరుపుకుంట పోతడు. అచ్చేటప్పుడు గదే కిందికి జరుపుకుంట దిగుతడు. చక్రం ఎన్కకు తిరగది. మోకు దిగుతది."

నా పెనిమిటి ఆ యంత్రంలో అన్నీ పెట్టాడు, తాడు పెట్టలేదు. ఆయనకు తోచలేదు, నాకూ తోచలేదు.

"పైనున్నది చూస్తే?" అని ఎవరో మెల్లగా అడిగారు.

"చూడది. దానికి మనం ఉన్నట్టే తెల్వది. గందుకే ఎక్కుతున్నది ఆమె."

కత్తెరలు మళ్లీ నడిచాయి. లేచేటప్పుడు పిడికెడు ఎవరి చేటలో వేయాలో తెలియక అందరూ ఆగారు, మాట నడిపింది ఆమె కదా. ఆమె తన చేట కిందపెట్టి, వేసిన పిడికిళ్లన్నీ రెండు చేతులతో తోడి నా చేటలో పోసింది. "పళ్లచక్రాలు నీయి, మోకు నాది" అంది. నన్ను మన్నించిందని నేను అనుకోను.

కార్డు ఉంది. వేళ్లు అట్లాగే ఉన్నాయి. ఇప్పుడు పొద్దున నేను యంత్రం లోపలి సంగతి చెబుతాను, పగటి తిండి తర్వాత ఆమె చిమ్నీ మీది సంగతి చెబుతుంది. ఆఫీసుకు నాలుగుసార్లు పోయాం. కాగితం ఢిల్లీ పోయిందన్నారు, అక్కణ్నుంచి మస్కట్ పోయిందన్నారు. ఇంకా ఏ కబురూ లేదు. ఆమె గోడ కొయ్యకున్న మోకును దించి, ఎండలో వేసి, నూనె రాసింది. నిన్నటికి కథలో ఆ భార్య మూడో గొట్టం దాటింది. అరచేతులు ఒరుసుకుపోయాయట. ఇత్తడి చెవి దగ్గరికి ఇంకా చాలా దూరం ఉందట.